బాబిన్ ఎవరి కుక్క

సోర్‌బీ బ్రిడ్జ్,
1973 ఏప్రిల్ 9.

ఏవ్రిల్‌కు,

నువ్వు పంపిన ఫోటో అందింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను. రేవు గోడ మీద కూర్చున్నది నువ్వే. పక్కన పీతల బుట్ట పట్టుకుని పళ్ళికిలిస్తున్నది నీ మొగుడు డెరిక్. మరి నీ ఒళ్ళో ఉన్న ఆ ఈకలు పీకిన కోడిపిల్ల ఎవరే? ఫోటో వెనక నువ్వు పేరు రాయకపోతే అది నా బాబిన్ అని నాకు తెలిసేదే కాదు.

రెండేళ్ళు పెంచాను ఆ జుట్టు. రోజూ పొద్దున్నే బాదం నూనె రాసి, పాయలు తీసి, ఒక్కో పాయనీ పల్చటి కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసేదాన్ని. వేళ్ళు వాచిపోయి నా జాకెట్టు గుండీ నేను పెట్టుకోలేని రోజుల్లో కూడా ఆ పని మానలేదు. పొట్లాలు విప్పితే వీపు మీద ఉక్కు రంగు, మొహం మీద బంగారు రంగు, నేల మీద జీరాడుతూ పట్టులా జారేది. హాలిఫాక్స్ కుక్కల పోటీలో దాన్ని బల్ల మీద నిలబెట్టినప్పుడు న్యాయనిర్ణేత దాని మీద చెయ్యి వెయ్యడానికి సందేహించాడు, నలిగిపోతుందని. అలాంటిదాన్ని నువ్వు గొర్రెకి ఉన్ని కత్తిరించినట్టు కత్తిరించావు.

పక్కింటి మిసెస్ హోయల్ వచ్చి ఫోటో చూసి, "ఎలుకకి స్వెటర్ తొడిగారా?" అని అడిగింది. ఆవిడ పెంచేది ఒక చిలక, దానికీ సగం ఈకలు లేవు. అలాంటి ఆవిడ నోట ఈ మాట పడాల్సి వచ్చింది నాకు.

మంచి ఆడకుక్కని మా కుక్కలవాళ్ళు ఎవరూ ఊరికే చేతిలో పెట్టరు. నీ పెళ్ళని ఇచ్చాను. మీ తాత మిల్లులో మగ్గాల కింద ఎలుకల్ని పట్టడానికి పెంచిన కుక్కల దగ్గర్నుంచీ వస్తున్న వంశం అది. ఆ వంశంలో ఇప్పుడు మిగిలిన ఆడది బాబిన్ ఒక్కటే. ఈ ఏడాది దాన్ని మా మగకుక్క మేజర్‌తో దాటించి పిల్లల్ని పెట్టించాలని నీకు ఇచ్చేటప్పుడే చెప్పాను. నువ్వు తలూపావు. ఆ తలూపడం నాకు గుర్తుంది. నీకూ గుర్తుండాలి.

నీ మేనత్త,
థెల్మా.

తా.క. ఆ జుట్టు ఏం చేశావు? పారేసి ఉంటే నాకు చెప్పకు.


విట్బీ,
ఏప్రిల్ 17.

అత్తా,

పారెయ్యలేదు. పొయ్యిలో వేశాను. ఇల్లంతా కంపు కొట్టింది.

నువ్వు చెప్పినట్టే ఏడాది పైగా కాగితాలు చుట్టాను. నేను పనిచేసేది చేపలకి పొగబెట్టే షెడ్డులో. డెరిక్ పనిచేసేది పడవ మీద. ఇంట్లోకి వచ్చే ప్రతి బూటుకీ తారు, ఇసుక, పొలుసులు. సముద్రం మీద నుంచి గాలి కొట్టిందంటే మనుషుల జుట్టే నిలవదు. ఆ కాగితాల పొట్లాలతో బాబిన్ బల్ల కింద బొమ్మలా కూర్చునేది, కదిలితే లాగేస్తుందని. జుట్టు తీసిన రోజు ఏం చేసిందో తెలుసా? ఒళ్ళు ఒక్కసారి దులుపుకుని, మేడ మీదికీ కిందికీ పరిగెత్తి, వలలు పెట్టే అటకెక్కి ఒక ఎలుకని చంపుకుని వచ్చి డెరిక్ బూటులో పెట్టింది. డెరిక్ దానికి తన పళ్ళెంలో చేప పెట్టాడు. ఆ రోజు నుంచి అది మా ఇంటి కుక్క.

మొన్న తనకన్నా రెండింతలున్న సముద్రపు కాకి మీదికి ఎగిరింది. ఆ పక్షి రొట్టె వదిలేసి పారిపోయింది. దీని సైజు ఎంతో ఎవరూ దీనికి చెప్పినట్టు లేదు.

దాటించడం గురించి. నేను తలూపిన మాట నిజమే. తర్వాత మా ఊరి పశువుల డాక్టరు గార్బట్‌కి చూపించాను. ఆయన వేలితో నడుము ఎముక తడిమి, దారి మరీ ఇరుకుగా ఉంది, పిల్ల అడ్డం పడుతుంది, ఈ కుక్కని ఎప్పుడూ దాటించవద్దని చెప్పాడు. కాబట్టి దాటించం. ఇది నీతో మాట్లాడి తేల్చుకోవడానికి రాయడం లేదు. తెలియాలని రాస్తున్నాను.

ఇంకో విషయం. జూన్ మొదట్లో నాకూ డెరిక్‌కీ యార్క్‌లో పని ఉంది. రెండు వారాలు పట్టవచ్చు. బాబిన్ కొత్తవాళ్ళ దగ్గర తిండి ముట్టదు. నీ దగ్గర ఉంచుకుంటావా? ఇంత రాశాక అడగడం నాకూ బాగాలేదు. కానీ అడుగుతున్నాను.

ఏవ్రిల్.


సోర్‌బీ బ్రిడ్జ్,
ఏప్రిల్ 24.

ఏవ్రిల్‌కు,

తీసుకురండి. నా ఇంట్లో పుట్టిన కుక్కకి నా ఇంట్లో చోటు లేదని నేనెప్పుడూ అనను.

యార్క్‌లో పనట. చేపల షెడ్డులో చేసేదానికీ, పీతలు పట్టేవాడికీ యార్క్‌లో ఏం పని? కోటగోడ మీద తిరిగి ఐస్‌క్రీములు తినడమే కదా. తిరగండి. నీ వయసులో మాకు మిల్లు మూసే వారం తప్ప సెలవు తెలియదు, దానికి 'పని' అని పేరు పెట్టే తెలివి కూడా లేదు.

మీ గార్బట్ ఆవుల్నీ గొర్రెల్నీ చూసే డాక్టరు అయి ఉంటాడు. చెయ్యి మోచేతి దాకా పెట్టి దూడల్ని లాగేవాళ్ళకి ఈ కుక్కలన్నీ ఇరుకుగానే కనిపిస్తాయి. బాబిన్ అమ్మమ్మ డచెస్ దీనికన్నా చిన్నది. నా వంటింట్లో, బొగ్గుల పొయ్యి పక్కన, నాలుగు పిల్లల్ని పెట్టి లేచి టీలో నానబెట్టిన రొట్టె తింది. ఏ డాక్టరూ రాలేదు.

ఈ ఏడు పెరట్లో పుల్లటి రూబర్బ్ కాడలు బాగా వచ్చాయి. డెరిక్ వస్తే ఓ కట్ట ఇచ్చి పంపుతాను. నువ్వు వంట నేర్చుకున్నావో లేదో నాకు తెలియదు.

థెల్మా అత్త.


విట్బీ,
జూలై 14.

మిస్ థెల్మా బారక్లవ్ గారికి,

ఈ ఉదయం బాబిన్‌ని డాక్టర్ గార్బట్ దగ్గరికి తీసుకెళ్ళాను. వారం రోజులుగా తిన్నది కక్కుతోంది, పొట్ట గట్టిపడింది. విషం తిన్న ఎలుకని పట్టిందేమోనని భయపడ్డాను. ఆయన పొట్ట తడిమి నా వైపు చూసి, "నేను వద్దన్నాను కదమ్మా?" అన్నాడు. ఏం వద్దన్నారో నాకు ముందు అర్థం కాలేదు. చూలుతో ఉందని చెప్పాడు. అయిదారు వారాలట.

నా చెవులు వేడెక్కిపోయాయి. ఆయన ముందు అబద్ధాలకోరులా నిలబడ్డాను. జూన్‌లో అది ఎవరింట్లో ఉందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. అది తలుపు సందులోంచి తప్పించుకుని మేజర్ దగ్గరికి పోయిందా, లేక మీరే తీసుకెళ్ళి పెట్టారా? మొదటిదైతే అలా రాయండి, నమ్మడానికి ప్రయత్నిస్తాను.

ఏవ్రిల్ స్టోర్.


సోర్‌బీ బ్రిడ్జ్,
జూలై 17.

ఏవ్రిల్‌కు,

నిన్ను ఎనిమిదేళ్ళప్పటి నుంచి పెంచాను. మీ నాన్న, నా తమ్ముడు విల్ఫ్ పోయాడు. మీ అమ్మ ఇంకొకర్ని చేసుకుని వెళ్ళిపోయింది. నీకు జడలు వేసింది నేను, చర్చిలో పాట పాడలేక నువ్వు ఏడిస్తే ముక్కు తుడిచింది నేను. ఇప్పుడు నేను 'మిస్ బారక్లవ్ గారు' అయ్యాను. 'మీరు' అయ్యాను. సరే.

అబద్ధం చెప్పను. నేనే తీసుకెళ్ళి పెట్టాను. బాబిన్ వచ్చిన మూడో రోజుకి పూర్తిగా ఎదకు వచ్చింది. మేజర్‌కి తొమ్మిదేళ్ళు, వచ్చే ఏడుకి వాడు పనికొస్తాడో లేదో. వంశం నా కళ్ళ ముందు ఆరిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? డచెస్ కన్నది, డచెస్ తల్లి కన్నది. నీ డాక్టరు వేలితో చూశాడు, నేను నలభై ఏళ్ళుగా కళ్ళతో చూశాను.

పైగా దొంగతనంగా చెయ్యలేదు. డెరిక్ కుక్కని దింపి గుమ్మంలో నిలబడి ఉండగానే చెప్పాను, "ఇది ఎదకొచ్చేలా ఉంది, నేను చెయ్యాల్సింది చేస్తాలే" అని. "మీకు తెలిసినట్టు చెయ్యండి అత్తయ్యగారూ" అన్నాడు. నీ మొగుడిని అడుగు. మీ ఇంట్లో ఒకరి మాట ఒకరికి చేరకపోతే దానికి నేను బాధ్యురాలిని కాదు.

ఇక జరిగింది జరిగింది. రోజూ ఒక ఉడికించిన గుడ్డు పెట్టు, కొంచెం కాలేయం పెట్టు. మెట్లెక్కనివ్వకు. అటక మీదికి అసలు పంపకు.

థెల్మా.


విట్బీ,
జూలై 22.

మిస్ బారక్లవ్ గారికి,

డెరిక్‌ని అడిగాను. అడిగిన తీరు బాగాలేదు. అతను రెండు రాత్రులు ఇంటికి రాకుండా పడవలో పడుకున్నాడు. మూడో రోజు వచ్చి కూర్చుని చెప్పాడు. 'చెయ్యాల్సింది' అంటే గదిలో పెట్టి తలుపు వేస్తారని అనుకున్నాడట. ఎదకొచ్చిన కుక్కని ఎవరైనా చేసేది అదే కదా అన్నాడు. మీరు ఇంకేమన్నారో కూడా అతనికి సరిగ్గా గుర్తులేదు. ఎందుకు గుర్తులేదో ఇప్పుడు చెబుతాను.

మేం యార్క్‌లో ఐస్‌క్రీములు తినలేదు. ఆ పొద్దున డెరిక్ నన్ను ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి నేరుగా మీ ఇంటికి వచ్చాడు. నా గర్భసంచిలో గడ్డ ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, అది మీకు తెలియదు. గడ్డతో పాటు సంచి మొత్తం తీసేశారు. ఇక పిల్లలు పుట్టరు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మీ గుమ్మంలో రూబర్బ్ కట్ట పట్టుకుని నిలబడినవాడు భార్య బతుకుతుందో లేదో అని ఆలోచిస్తున్నాడు. అలాంటివాడి నోట్లోంచి ఒక 'ఊఁ' లాక్కుని మీరు దాన్ని అనుమతి అంటున్నారు.

నేను అక్కడ కుట్లతో పడుకుని, బాబిన్ అయినా అత్త దగ్గర క్షేమంగా ఉందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. పక్క మంచం ఆవిడకి చెప్పాను కూడా, మా అత్తకి కుక్కలంటే ప్రాణమని.

వద్దని నేను రాశాను. డాక్టరు వద్దన్నాడని రాశాను. మీరు చదివారు. చదివి, నోరులేనిదాన్ని పట్టుకుని మీకు కావలసింది చేయించారు. మీ వంశం, మీ డచెస్, మీ మేజర్. అది చచ్చిపోవచ్చని మీకు ఒక్క క్షణం కూడా తట్టలేదా, తట్టినా పక్కకి నెట్టారా, నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

పురుడు వచ్చేసరికి కోసి తియ్యాల్సి రావచ్చని గార్బట్ చెప్పాడు. అంత చిన్న ఒంటికి మత్తు ఎంత ఇవ్వాలన్నదే ఆయన భయం.

మీరు ఇటు రావద్దు.

ఏవ్రిల్ స్టోర్.


సోర్‌బీ బ్రిడ్జ్,
జూలై 26.

ఏవ్రిల్,

ఉత్తరం చదివి వంటింట్లో కూర్చున్నాను. కెటిల్‌లో నీళ్ళు ఇగిరిపోయి అడుగు మాడింది.

నాకు ఎందుకు చెప్పలేదు? రెండుసార్లు కడుపు పోయినా చెప్పలేదు. గడ్డ ఉందనీ చెప్పలేదు. కత్తి కింద పడుకోబోతూ 'యార్క్‌లో పని ఉంది' అని రాశావు. నేను ఏమిటి నీకు? కుక్కని దాచుకునే పెట్టెనా? పక్క మంచం మీద పడుకున్న ఎవరో ఆవిడకి తెలిసింది నాకు తెలియలేదు. నేను రైలెక్కి వచ్చేదాన్ని. నీ తల దగ్గర కూర్చునేదాన్ని. నీకు గవదబిళ్ళలు వచ్చినప్పుడు ఎవరు కూర్చున్నారు? నీ మీద నాకు పట్టలేనంత కోపంగా ఉంది, అది రాయకుండా ఉండలేను.

చెప్పి ఉంటే మేజర్‌తో పెట్టేదాన్నా అని నువ్వు అడుగుతావు. పెట్టేదాన్ని కాదు. కానీ అది జవాబు కాదని నాకు తెలుసు. చెప్పకపోయినా పెట్టకూడదు. నువ్వు వద్దన్నావు.

రావద్దన్నావు. వస్తున్నాను. నా లెక్క ప్రకారం ఆగస్టు ఆరు, ఏడు తేదీల్లో నొప్పులు రావాలి. ఆరో తేదీ సోమవారం, పొద్దున బస్సుకి దిగుతాను. ఒళ్ళు చల్లబడటం, తిండి మానెయ్యడం, గుడ్డలు గీరుకోవడం మొదలైతే ఇక ఆ రోజే. నువ్వు పురుడు ఎప్పుడూ చూడలేదు. నేను చూశాను. నన్ను తిట్టుకో, కానీ చేతులు వాడుకో.

అత్త.


విట్బీ,
ఆగస్టు 1.

మీరు వస్తే తలుపు తియ్యను.

ఏవ్రిల్.


సోర్‌బీ బ్రిడ్జ్,
ఆగస్టు 8.

ఏవ్రిల్‌కు,

తలుపు తియ్యనని రాశావు, అన్నమాట నిలబెట్టుకున్నావు. పొద్దున్నంతా మీ ఎదురుగోడ మీద కూర్చున్నాను. తుంపర పడుతూనే ఉంది. పై కిటికీ తెర రెండుమూడుసార్లు కదిలింది, నేను చూశాను. చేపలు అమ్ముకునే ఒకావిడ వచ్చి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగితే, మా మేనకోడలు స్నానం చేస్తోందని చెప్పాను. ఇంతసేపు స్నానమేమిటని ఆవిడ మొహంలో కనిపించింది.

మధ్యాహ్నం దాటాక నువ్వు తలుపు తీశావు. "రెండు గంటల నుంచి ముక్కుతోంది, ఏమీ రావట్లేదు" అన్నావు. లోపలికి రమ్మనలేదు, పక్కకి జరిగావు. అది చాలు నాకు. బాబిన్ పొయ్యి ముందు డెరిక్ స్వెటర్ మీద ఉంది. నన్ను చూసి తోక ఊపింది. ఆ స్థితిలో కూడా ఊపింది. నేను చెయ్యి పెట్టి చూశాను. పిల్ల అడ్డం తిరిగి ఉంది, దారి లేదు. నీ డాక్టరు చెప్పింది నిజం. అక్కడే చెప్పాను నీకు, ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఆ చేపలావిడ కొడుకు వ్యానులో వెళ్ళాం. నువ్వు ముందు కూర్చున్నావు, నేను వెనక ఐసు పెట్టెల మధ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

గార్బట్ బల్ల దగ్గర అడిగిన ప్రశ్న నా చెవుల్లోంచి పోవడం లేదు. "తల్లినీ పిల్లల్నీ ఇద్దర్నీ నిలబెడతానని చెప్పలేను. ఎవరి కోసం చూడమంటారు? కుక్క ఎవరిది?" అన్నాడు. నన్ను చూసి అడిగాడు, పెద్దదాన్ని కదా. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంటుంది. "కుక్క ఆమెది. ఆమెనే అడగండి" అన్నాను. నువ్వు తల్లిని చూడమన్నావు.

రెండు పిల్లలు పోయాయి, ఒకటి బతికింది, తల్లి ఊపిరి తీసుకుంటోంది. బాబిన్‌ని తువ్వాలులో చుట్టి నీ చేతిలో పెట్టాక నువ్వు నా వైపు తిరగకుండానే, "ఇంక వెళ్ళండి" అన్నావు. వెళ్ళాను. సాయంత్రం బస్సు దొరికింది. కనీసం టీ తాగి వెళ్ళమని అనలేదని దారి పొడుగునా మండిపోయాను. ఇంటికొచ్చాక ఆ మంట తగ్గింది. నా మీద నీకున్న కోపానికి టీ ఒక లెక్కా.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. బాబిన్ కుట్లు నాకకుండా డెరిక్ మేజోడుకి నాలుగు చిల్లులు పెట్టి తొడుగు. రెండు రోజులు పాలే పట్టు, మేకపాలు దొరికితే మంచిది. పిల్లని పాలకి పెట్టేటప్పుడు దాన్ని నువ్వే పట్టుకో, మత్తు దిగేటప్పుడు కొన్ని తల్లులు పిల్లల్ని గుర్తుపట్టవు. నాలుగు రోజుల్లో లేచి తిరుగుతుంది. దాని గుండె గట్టిది.

ఎలా ఉందో ఒక కార్డు ముక్క రాయి.

అత్త.


విట్బీ,
ఆగస్టు 9.

బాబిన్ మంగళవారం పొద్దున పోయింది. మీరు మేజోళ్ళ గురించీ మేకపాల గురించీ రాసే నాటికే దాన్ని పాతిపెట్టి ఒక రోజయింది.

మీరు వెళ్ళాక ఒకసారి కళ్ళు తెరిచింది. నేను తడిగుడ్డతో మూతి తుడిచాను. పిల్లని దగ్గర పెడితే వాసన చూసింది, నాకింది, తలని నా మణికట్టు మీద పెట్టింది. తెల్లారాక లోపల నెత్తురు ఆగలేదని గార్బట్ చెప్పాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన గొర్రెల డాక్టరే. గొర్రెల డాక్టరు ఏడ్చాడు.

డెరిక్ రేవు నుంచి వచ్చి, మేడ మీదికి వెళ్ళి, తన బూట్లు తెచ్చి వాకిట్లో పెట్టి వాటి వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కొండ మీద తవ్వాడు. నన్ను తవ్వనివ్వలేదు, కుట్లు పిగులుతాయని.

మీరు బల్ల దగ్గర ఆమెది అన్నారు. అవును, నాది. ఏప్రిల్‌లో కూడా నాదే. జూన్‌లో కూడా నాదే. అది చచ్చిపోతున్న రోజున మీకు ఆ సంగతి తెలిసింది.

పిల్ల మగది. మీ వంశానికి అక్కరకి రాదు. డెరిక్ సిరాబుడ్డి మూతంత ఉందంటాడు. బతికే ఉంది. చుక్కలు వేసే గొట్టంతో డెరిక్ పాలు పడుతున్నాడు. నేను పట్టడం లేదు. దాన్ని చూస్తే నాకు కోపం వస్తోంది. దాని తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినా వస్తోంది. నన్ను ఇలాంటి మనిషిని చేశారు మీరు.

ఇక ఉత్తరాలు వద్దు.

ఏవ్రిల్.


సోర్‌బీ బ్రిడ్జ్,
ఆగస్టు 11.

ఏవ్రిల్,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. చించేముందు రెండో పేరా చదువు, మిగతాది చదవకపోయినా ఫరవాలేదు.

పిల్లకి పాలు పట్టిన ప్రతిసారీ, గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి పిండి, పొట్ట కిందా తోక కిందా మెల్లగా రుద్దాలి. తల్లి నాలుకతో చేసే పని అది. అది చెయ్యకపోతే పిల్ల ఉచ్చ పొయ్యదు, పొట్ట ఉబ్బి చచ్చిపోతుంది. డెరిక్‌కి ఈ సంగతి తెలిసి ఉండదు. వెంటనే చెప్పు. వేడినీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఒంటికి తగలకుండా.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు కాదనే శ్రమ కూడా పడాలి. బాబిన్‌ని మేజర్ దగ్గర పెట్టే ముందు నేను కూడా వేలితో తడిమి చూశాను. ఇరుకని నాకు తెలిసింది. డచెస్‌ని తలుచుకుని, పరవాలేదు అనుకున్నాను. డచెస్ కన్నది నిజమే. డచెస్ చెల్లెలు కనలేక చచ్చిపోయింది. అది నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

కుక్కల సంఘానికి నా పేరు తీసేయమని చెప్పి వచ్చాను. కార్యదర్శి ఎందుకని అడిగితే, ఒక మంచి కుక్కని చంపానన్నాను. ఆయన నవ్వాడు, నేను తమాషాకి అన్నాననుకుని. ఆ నవ్వు మొహం మీద చేతిసంచితో కొట్టాలనిపించింది. మేజర్ ఇక ఊరికే నా పొయ్యి ముందు ముసలికుక్కగా పడి ఉంటాడు.

నా మీద కోపం అంతా నా మీదే ఉంచు. పిల్ల మీదికి పోనివ్వకు. అంతే.

థెల్మా.


విట్బీ,
నవంబరు 4.

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు డెరిక్ పడవ బయల్దేరాలి. వెళ్తూ వెళ్తూ పిల్ల ఉన్న డబ్బాని నా ఒళ్ళో పెట్టి, "ఇప్పుడు నువ్వే" అని వెళ్ళిపోయాడు. నేను డబ్బా బల్ల మీద పెట్టి గిన్నెలు తోముకున్నాను. అది ఏడుస్తూనే ఉంది. పిచ్చుక గొంతుతో ఏడుపు. అన్నాళ్ళూ డెరిక్ గుడ్డతో ఒళ్ళు తుడిచినప్పుడు చుక్కలుగా పోసేదేమో, పొట్ట మాత్రం అప్పటికే బిగుసుకుపోయి ఉంది. నీ కవరు చించి పొయ్యిలో వెయ్యబోయి, నువ్వు చెప్పావని రెండో పేరా చదివాను.

దూది ముంచి రుద్దాను. చాలాసేపు ఏమీ కాలేదు. నా వేలికి రుద్దీ రుద్దీ తిమ్మిరెక్కింది. అప్పుడు నా అరచేతిలో ఇంత వెచ్చగా పోసింది. పోసి నిద్రపోయింది. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, అక్కడ నర్సులు కూడా మెచ్చుకున్నారు. ఆ రోజు వంటింట్లో నేల మీద కూర్చుని, చెయ్యి కడుక్కోకుండా ఏడ్చాను. పిల్ల మీద కోపం ఆ రోజుతో పోయింది.

నీ మీద పోలేదు. అది తెలియాలనే రాస్తున్నాను. కొన్ని పొద్దుల్లో నీ మీద కోపంతోనే మెలకువ వస్తుంది. డచెస్ చెల్లెలి సంగతి గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. పడుకుని మండిపోదామంటే వీడు ఊరుకోడు, దుప్పటి పీకి బయటికి తీసుకెళ్ళమంటాడు. తీసుకెళ్ళి రేవు చివరిదాకా నడిచి వచ్చేసరికి ఆకలేస్తుంది.

పేరు టార్. పుట్టినప్పుడు తారులా నల్లగా ఉన్నాడని డెరిక్ పెట్టాడు. ఇప్పుడు మొహం మీద గోధుమ రంగు దిగుతోంది. నా చెప్పులు రెండు తిన్నాడు. పోస్టుమాన్ పంట్లాం పట్టుకుని వీధి చివరిదాకా వేలాడాడు. గార్బట్ చూసి వీడు నూరేళ్ళు బతుకుతాడు అన్నాడు. వీడిని ఎవరికీ ఇవ్వను, పోటీలకి తీసుకెళ్ళను.

నీకు ఒక మాట బాకీ ఉన్నాను. ఆసుపత్రి సంగతి నీకు చెప్పకపోవడం తప్పే. నువ్వు వచ్చి తల దగ్గర కూర్చుంటే నేను చిన్నపిల్లనైపోతానని భయపడ్డాను. కూర్చుని ఉంటే బాగుండేది. ఇది రాసినంత మాత్రాన నువ్వు చేసింది చిన్నదైపోదు.

క్రిస్మస్‌కి వస్తానంటే రా. మేజర్‌ని ఒక్కడినే వదలలేవు కాబట్టి వాడినీ తీసుకురా, వాడి తప్పేముంది. పై గదిలో పక్క వేస్తాను. బాబిన్ మాట నేను ఎత్తితే విను, నువ్వు ఎత్తకు. ఎత్తితే మళ్ళీ ఆ గోడ మీద కూర్చోబెడతాను, మంచు పడుతున్నా సరే.

డెరిక్ అప్పుడు సముద్రం మీద ఉంటాడు. బస్సు దగ్గరికి నేనే వస్తాను.

ఏవ్రిల్.